ఏటి ఒడ్డున మొదటి గుడారం

సినిమా ఫీల్డులో ముప్పై ఏళ్ళు పనిచేశానని చెబితే చాలు, ఎదుటివాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. "ఏ హీరోతో?" అని అడుగుతారు. హీరోలతో కాదు బాబూ, మేకులతో. మేకులు, తాళ్ళు, వెదురు గడలు, వానకు తడిస్తే నలుగురు మోసినా లేవని కాన్వాసు గుడ్డ. నా సహనటులు వీళ్ళే. అడవుల్లో, ఏటి ఒడ్డుల్లో షూటింగ్ పెట్టుకున్నప్పుడు యూనిట్ మొత్తం ఉండటానికి గుడారాలు వేయడం, ప్యాకప్ అయ్యాక వాటిని పీకి మడిచి లారీ ఎక్కించడం నా పని. ఫిల్మ్ నగర్‌లో నన్ను టెంట్ యాదగిరి అనేవాళ్ళు. ఇంకో పేరు కూడా ఉండేది. అది ఇప్పుడే చెబితే మీరు పుస్తకం మూసేస్తారు, అందుకని తర్వాత చెబుతాను.

ఈ లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎవరు ఏ పదవిలో ఉన్నారు, ఎవరికి ఎంత పేరొచ్చింది అన్నవి ఇందులో ఉండవు. ఒక క్యాంపు, ఒక తప్పు, ఆ తప్పు నాకు చెప్పిన ఒక మనిషి. ఇంతే ఉంటుంది.

బండ మీద షామియానా

మా నాన్నకు బోరబండలో చిన్న టెంట్ హౌస్ ఉండేది. పెళ్ళికీ చావుకీ అదే షామియానా, అవే కుర్చీలు. ఆ రోజుల్లో సినిమా వాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే వచ్చి జూబ్లీ హిల్స్‌లో రాళ్ళు కొట్టించి ఇళ్ళు కట్టుకుంటున్నారు. గృహప్రవేశాలకు మమ్మల్నే పిలిచేవాళ్ళు. బండ మీద మేకు దిగదు కదా, ఇసుక బస్తాలకు తాళ్ళు కట్టి షామియానా నిలబెట్టేవాళ్ళం.

ఒక గృహప్రవేశం రోజున భోజనాల వేళకు గాలిదుమారం లేచింది. పక్కింటివాళ్ళ గేటు రేకు ఎగిరిపోయింది గానీ మా షామియానా కదల్లేదు. పంక్తిలో కూర్చున్న ఒకాయన విస్తరి ముందు నుంచి లేవకుండానే నన్ను రమ్మని వేలు ఊపారు. ఆయన ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరాజు గారు, భీమవరం వైపు మనిషి.

"ఏవయ్యా, ఈ గుడ్డ కట్టింది నువ్వేనా?"

"నేనే సార్."

"అడవిలో కడతావా?"

"గుంజ పాతెటందుకు జాగ ఉంటే యాడనైనా కడ్తా సార్."

"జాగాకేం కొదవ లేదయ్యా. మనుషులే ఉండరు" అని ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. నా ఉద్యోగానికి ఇంటర్వ్యూ అదే.

సుబ్బరాజు గారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. యూనిట్‌లో చివరి లైట్‌మ్యాన్ తిన్నాకే ఆయన కంచం పట్టేవారు. ఎవరికైనా జ్వరం వస్తే మాత్రం "బస్సెక్కించెయ్యండి, ఇంకొకళ్ళని పిలిపించండి" అని ఒక్క మాటతో తేల్చేసేవారు. రెండూ ఆయనే. అన్నం పెట్టే చెయ్యి మంచిదని ఆ నోటిని కూడా వెనకేసుకు రావడం నాకు చేతకాదు.

ఏరు పడుకునే చోటు

ఈ వృత్తిలో నాలుగైదేళ్ళు గడిచాక మారేడుమిల్లి అడవుల్లో పన్నెండు రోజుల షెడ్యూల్ పడింది. ఘాట్ రోడ్డు వదిలి జీపు దారిలో చాలాసేపు లోపలికి వెళితే ఒక ఏరు వంపు తిరుగుతుంది. రెండు పక్కలా ఆకాశం కనపడనివ్వని చెట్లు, వాటిని పట్టుకుని పాకే తీగలు, పొద్దున తొమ్మిదింటికి కూడా ఆరని మంచు. వంపులో తెల్లటి ఇసుక మేట. డైరెక్టరు గారు దాన్ని చూసి చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగిపోయారు. నాకూ అంతే అనిపించింది. గుడారాలన్నీ ఆ ఇసుక మీద వరసగా వేస్తే ఎంత అందం! మేకు కూడా వెన్నలో దిగినట్టు దిగుతుంది.

అప్పటికి గడలు దింపించేశాను కూడా. పక్క గూడెం నుంచి వచ్చిన లచ్చిరెడ్డి అనే పెద్దాయన చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. ఆగి ఆగి అన్నాడు:

"ఏరు ఈడ పడుకుంటాది బాబూ. దాని మంచం మీద మీరు పడుకుంటే ఊరుకుంటాదా?"

తలెత్తి చూడమన్నాడు. నా తల కంటే ఎత్తున, చెట్టు కొమ్మల్లో ఎండిన గడ్డి చిక్కుకుని ఉంది. ఏరు వచ్చినప్పుడు వదిలి వెళ్ళిన గడ్డి అది. అన్నీ ఎత్తించి పైన మిట్ట మీదికి మార్చాను. మిట్ట అందంగా ఉండదు. వేర్లు, రాళ్ళు, ఎర్రచీమలు. పైగా ఇరుకు. అరవై మందిని అందులో సర్దడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎండు కొమ్మ కింద గుడారం లేకుండా, చీమల బారు మీద గుడారం లేకుండా సర్దాను. పదో రోజున కొండల్లో ఎక్కడో వాన పడి, ఇసుక మేట మీదికి నడుము లోతు నీళ్ళొచ్చాయి. మేము పైన కూర్చుని టీ తాగుతూ చూశాం. సుబ్బరాజు గారు నా భుజం తట్టారు. ఇదే నా కథ అయితే ఎంత బాగుండేది!

నేను పెట్టించిన లైటు

మిట్ట ఇరుకని చెప్పాను కదా. హీరో గుడారం, డైరెక్టరు గుడారం, వంటశాల, మగవాళ్ళ భోజనాల పాక, జనరేటర్ వ్యాను అన్నీ పెట్టాక ఆడవాళ్ళకు ఒక గుడారం మిగిలింది. హీరోయిన్ గారు రాజమండ్రి హోటల్లో దిగి కారులో వచ్చిపోయేవారు. క్యాంపులో ఉన్న ఆడవాళ్ళు పదిమంది. ఎనిమిది మంది గ్రూప్ డాన్సర్లు, కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయి, హెయిర్ డ్రెస్సర్ మరియమ్మ. మరియమ్మక్కది గుడివాడ దగ్గర ఊరు, మధురానగర్‌లో కాపురం. నా కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అనేది. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ దువ్వెన మీదే చదివిస్తోంది.

వాళ్ళ మరుగుదొడ్డి గుడారం జనరేటర్ వెనక, చివర్న వేశాను. అక్కడే చోటు దొరికింది. అడవి కదా, పురుగూ పుట్రా ఉంటాయని నాకు భయం. లైట్‌మెన్‌ని బతిమాలి, ఆ గుడారం వెనక చెట్టుకు పెద్ద బల్బు కట్టించాను. మరియమ్మక్క దగ్గరికి వెళ్ళి మరీ చెప్పాను.

"అక్కా, మీ దిక్కు లైటు గూడ పెట్టిచ్చిన. ఇగ పాముల ఫికర్ లేదు."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, "సరే తమ్ముడూ" అంది. నేను మురిసిపోతూ వచ్చేశాను.

తరగని కుండ

మూడో రోజు మధ్యాహ్నం వంట అప్పారావు నా దగ్గరికి వచ్చాడు. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు కాచి, గుడారానికో కుండ చొప్పున నింపడం అతని పని.

"ఆడోళ్ళ కుండ తరగట్లేదండీ. పొద్దున్న పోసినయ్యి పొద్దున్న పోసినట్టే ఉంటన్నాయి."

"నీళ్ళు పొగ వాసన కొడ్తున్నయేమో జర చూడు" అన్నాను.

నా బుర్ర అంతవరకే వెళ్ళింది. కొత్త కుండ పెట్టించాను. అందులో వట్టివేళ్ళు వేయించాను. అప్పటికీ తరగకపోతే మజ్జిగ చేయించి పంపాను, నిమ్మకాయ పిండించి మరీ. మజ్జిగ కూడా వెనక్కి వచ్చింది. ఆ పిల్లలు నడుములోతు నీళ్ళలో పొద్దంతా డాన్సు చేస్తున్నారు, పక్కనే ఏరు పారుతోంది, గుక్కెడు నీళ్ళు మాత్రం తాగరు. సన్నబడాలని కాబోలు అనుకుని నవ్వుకున్నాను కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆరో రోజు మరియమ్మక్కకు చలి జ్వరం వచ్చింది. పొత్తికడుపులో నొప్పి అంటూ మెలికలు తిరిగిపోయింది. మన్యం జ్వరమే అని యూనిట్ అంతా ఖాయం చేసేసింది. సుబ్బరాజు గారు అలవాటు ప్రకారం అన్నారు: "డాక్టరుకి చూపించి అటు నుంచి అటే బస్సెక్కించెయ్. హైదరాబాద్ నుంచి ఇంకో అమ్మాయిని రమ్మంటాను."

అవుట్‌డోర్ నుంచి జబ్బు చేసి తిరిగొచ్చిన మనిషిని మళ్ళీ ఎవరూ అవుట్‌డోర్‌కు పిలవరు. "ఆవిడ తట్టుకోలేదండీ" అన్న ఒక్క మాట కృష్ణానగర్ టీ బడ్ల దగ్గర మొదలైతే చాలు. మరియమ్మక్కకు అది తెలుసు. జీపు ఎక్కేటప్పుడు సంచీ తెచ్చుకోనంది. "సంచీ తెస్తే నేను వెళ్ళిపోయినట్టే తమ్ముడూ" అంది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

కింద ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేసి బయటికి వచ్చింది. మలేరియా కాదంది. మూత్రం బిగబట్టుకుని, నీళ్ళు తాగక వచ్చిన ఇన్‌ఫెక్షన్ అంది. నా వైపు తిరిగి, "మీ క్యాంపులో ఆడవాళ్ళకి ఏర్పాట్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది.

"ఫస్ట్ క్లాస్ మేడమ్. లైటు గూడ పెట్టిచ్చిన" అన్నాను.

మంచం మీద నుంచి మరియమ్మక్క గొంతు వినపడింది. "ఆ లైటే మా ప్రాణాల మీదికొచ్చింది."

నాకు అర్థం కాలేదు. ఆమె నీరసంగానే, విడమరిచి చెప్పింది.

"గుడారం వెనకాల లైటు పెడితే లోపలి మనిషి ఎలా కనపడతాది తమ్ముడూ? సినిమావోడివి, నేను చెప్పాలా? మొదటి రోజు సాయంత్రం ఒక పిల్ల వెళ్ళింది. ఇవతల జనరేటర్ దగ్గర ఎవడో ఈల వేశాడు. అప్పుడు చూసుకున్నాం మేము, లోపల వంగినా లేచినా గుడ్డ మీద పడతంది. పగలు ఎళ్దామంటే మగాళ్ళంతా అన్నాలు తింటున్న పాక ముందు నుంచి నడవాలి. అందుకని నీళ్ళు మానేశాం. తెల్లారుజామున ఒక్కసారి, అందరం చీరలు అడ్డం పట్టుకుని ఎళ్తన్నాం."

"నాకెందుకు చెప్పలే అక్కా?"

"నీకా? లైటు పెట్టించానని పెళ్ళికొడుకులా నవ్వుకుంటా వచ్చావు. ఆ మొహం చూసి ఏం చెప్పమంటావు?"

నేను ఆసుపత్రి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. వెనక నుంచి దీపం పెడితే తెర మీద నీడ పడుతుందని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళం మేమే. ఆ నీడ మీదే మా తిండి. కెమెరా ముందు జానెడు లైటు పక్కకు జరిగితే పది మంది అరుస్తారు. పదిమంది ఆడవాళ్ళ వెనక లైటు పెట్టినప్పుడు ఒక్కడికీ తట్టలేదు, ఈల వేసినవాడికి తప్ప. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

టెంటాయన తప్పు

డాక్టరమ్మ మందులిచ్చి, రెండు రోజులు పడుకోవాలి, బిందెడు నీళ్ళు తాగాలి, తర్వాత పని చేసుకోవచ్చు అంది. బస్టాండు ఎడమ వైపు, అడవి కుడి వైపు. డ్రైవరు నా మొహం చూశాడు. కుడికి తిప్పమన్నాను.

సుబ్బరాజు గారు మమ్మల్ని చూసి మండిపడ్డారు. "నేనేం చెప్పాను, నువ్వేం చేశావు?"

"మలేరియా కాదంట సార్. మన క్యాంపు చేసిన జబ్బు. రేపు పొద్దుగాల ఆడోళ్ళ పాయఖానా గుడారం మార్చాలె. లైట్‌మెన్ కావాలె, జనరేటర్ జరపాలె. సగం రోజు పడ్తది."

"షూటింగ్ ఆపి మరుగుదొడ్లు మారుస్తామా? ప్రొడ్యూసర్ గారికి ఏమని చెప్పమంటావయ్యా?"

"టెంటాయన తప్పు చేసిండని చెప్పుండ్రి. కావాలంటే నన్నే బస్సెక్కియ్యిండ్రి. ఆమెను మాత్రం పంపకుండ్రి సార్."

అప్పటికే కొండల మధ్య పొద్దు వాలింది, జనరేటర్ మొదలైంది. ఆయన లేచి ఆ మరుగుదొడ్డి గుడారం దాకా నడిచారు. "లోపలికెళ్ళి నిలబడు" అన్నారు నాతో. వెళ్ళాను. "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. నేను బయటికి వచ్చేసరికి ఆయన తల వంచుకుని నిలబడి ఉన్నారు. అంత నోరున్న మనిషి, గొంతు తగ్గించి అన్నారు: "రేపు మధ్యాహ్నం దాకా షాట్ లేదని డైరెక్టరు గారికి నేను చెబుతాను. ముందు ఆ లైటు పీకించు."

ఈల వేసినవాడు ఎవడో ఆయన కనుక్కున్నారు. మర్నాడు బస్సెక్కింది వాడే.

కొత్త చోటు ఎక్కడో నాకు తోచలేదు. ఈసారి నా తెలివిని పక్కనపెట్టి మరియమ్మక్క మంచం దగ్గరికి వెళ్ళాను. "మీరే చూపించుండ్రి అక్కా" అన్నాను. ఆమె డాన్సరు పిల్లల్ని పంపింది. వాళ్ళు లచ్చిరెడ్డి భార్యను అడిగారు. ఆమె నవ్వి, మిట్టకు అవతల గుబురుగా ఉన్న వెదురు పొదల వెనక్కి తీసుకెళ్ళింది. ఏటికి దూరం, మగవాళ్ళ పాకకు దూరం, ఆడవాళ్ళ గుడారానికి మాత్రం యాభై అడుగులు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని నేను చూడలేని చోటును వాళ్ళు పది నిమిషాల్లో చూశారు. లైటు దారి మొదట్లో పెట్టాం, నేల వైపు వంచి.

ఆ సాయంత్రం అప్పారావు ఆడవాళ్ళ కుండ రెండుసార్లు నింపాడు. నేను దూరం నుంచి లెక్కపెట్టుకున్నాను. మూడో రోజుకు మరియమ్మక్క లేచి హీరోయిన్ గారికి జడ వేసింది. షెడ్యూల్ పూర్తయ్యేదాకా ఉంది. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు ఆమె వెళ్ళని అడవి లేదు.

నా ఇంకో పేరు

మా లైనులో ఒక ఆనవాయితీ ఉంది. క్యాంపులో మొదటి గడ నిలబెట్టగానే దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాలి. ఆ మొదటి గడ ఎప్పుడూ హీరో గుడారానిదే. తర్వాతి క్యాంపులో నేను లారీ దిగగానే ఆడవాళ్ళను పిలిచి, వాళ్ళ మరుగుదొడ్డికి చోటు చూపించమన్నాను. వాళ్ళు చూపిన చోట గడ పాతి, అక్కడ కొట్టాను కొబ్బరికాయ. యూనిట్ అంతా పగలబడి నవ్వింది. వారం తిరక్కుండా ఫిల్మ్ నగర్ అంతా నాకు 'పాయఖానా యాదగిరి' అని పేరు పెట్టేసింది. అదీ సంగతి. నా పెళ్ళిలో కూడా ఎవరో ఆ పేరుతో పిలిచారు. మా ఆవిడ అడిగితే కథంతా చెప్పాను. "మంచి పేరే" అంది. ఆమె అన్నాక నాకు ఇంక ఎవరి ఫికరూ లేదు.

ఒకసారి ఒక హీరో గారి మేకప్‌మ్యాన్ గొడవకు వచ్చాడు, మా సార్ గుడారం కంటే ముందు ఇదేమిటని. హీరో గారు మాత్రం విని, ఆయనే వచ్చి కర్పూరం వెలిగించారు. నా అనుభవంలో పెద్ద నటులతో ఇబ్బంది తక్కువ, వాళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళతోనే ఎక్కువ.

ఇప్పుడు క్యారవాన్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. అవి ఎవరి కోసమో ఒకసారి చూడండి. జీపు దారి దాటి ఏటి ఒడ్డుకు దిగిన రోజున డాన్సరు పిల్లలకు మళ్ళీ గుడారమే గతి. కాబట్టి మీ ఫోన్లలో మ్యాపులు చూసుకోండి, వాన ఎప్పుడో చూసుకోండి, కొమ్మల్లో గడ్డి చూడటం మాత్రం మానకండి. అన్నిటికంటే ముందు, అక్కడ ఉండబోయే ఆడవాళ్ళను అడగండి. వాళ్ళంతట వాళ్ళు వచ్చి చెప్పరు. మీరు మురిసిపోతున్నప్పుడు అసలే చెప్పరు.

చివరి క్యాంపు

నా ఆఖరి క్యాంపు కూడా మారేడుమిల్లిలోనే పడింది, అదే ఏటి వంపు. సుబ్బరాజు గారు లేరు, లచ్చిరెడ్డి లేడు. అప్పారావు ఉన్నాడు, ముసలివాడై, అందరినీ తిడుతూ. మరియమ్మక్కకు కూడా అదే ఆఖరి అవుట్‌డోర్. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు, ఇక చాలించమని పోరుతున్నారట. వెదురు పొదలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఈసారి కొబ్బరికాయ ఆమె చేత కొట్టించాను.

రెండో రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. మరియమ్మక్క గుడారం ముందు కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని ఏటి వైపు చూస్తూ కూర్చుంది. నేను టీ తీసుకెళ్ళాను. టీ వద్దని గ్లాసు చాచింది. కుండలోంచి ముంచి పోశాను. గటగటా తాగేసి మళ్ళీ చాచింది.

"ఇంకో గ్లాసు పొయ్యి తమ్ముడూ."

ముంత కుండ అడుగున టంగుమంది. వంటశాల నుంచి అప్పారావు అరుపు వినపడింది. "మళ్ళీ అయిపోయినయ్యా! ఏం తాగుతారండీ బాబూ ఈ ఆడోళ్ళు, ఏరు ఎండిపోయేలాగుంది!"

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అతన్ని పిలవకుండా బిందె నేనే ఎత్తుకుని చెలమ దగ్గరికి దిగాను.